పల్లవి రెండుసార్లు

రెజైనాలో మేం అద్దెకున్న ఇంటికంతటికీ ఒకటే ఫర్నేసు. దాని వేడిగాలి రేకు గొట్టాల్లోంచి పైనా కిందా ప్రతి గదికీ వెళ్ళేది. కింద బేస్‌మెంట్‌లో మాకు ఆ గొట్టాల్లోంచి వేడితో పాటు మా ఇంటావిడ గొంతు కూడా వచ్చేది. చలి మరీ ముదిరిన రోజుల్లో వేడి రావడం తగ్గేది గానీ ఆవిడ గొంతు మాత్రం తగ్గేది కాదు.

అది కాలేజీ సీట్ల కోసం మన పిల్లలు కెనడాకి తండోపతండాలుగా దిగుతున్న కాలం. టొరంటో చుట్టుపక్కల ఒక్కో గదిలో ముగ్గురేసి, నలుగురేసి సర్దుకుంటున్నారని వినేవాళ్ళం. నేను రెజైనాలో చేరానని ఫోన్లో చెప్తే, మిస్సిసాగాలో ఉండే మా దూరపు ఆంటీ "అక్కడ గోధుమలు తప్ప ఏముంటాయే?" అంది. ఆవిడన్నది అబద్ధం కాదు. ఊరు దాటితే నేలంతా బల్లపరుపు, ఆపైనంతా ఆకాశం. మా నరసాపురం వైపు ఎటు చూసినా ఓ కొబ్బరిచెట్టో, చర్చి గోపురమో, ఎవరి డాబా మీది నీళ్ళ ట్యాంకో చూపుకి అడ్డం వస్తుంది. ఇక్కడ చూపు ఎక్కడా ఆగదు. మొదటిసారి ఊరి చివర బస్సు దిగి ఆ ఖాళీని చూసినప్పుడు నాకు భయమేసింది, గొప్పగానూ అనిపించింది. ఆ రెండూ కలిసి రావచ్చని అప్పటిదాకా నాకు తెలియదు.

నాతో గదిలో ఉన్నది వరంగల్ అమ్మాయి. ఎప్పుడూ ఏదో ఒకటి పాడుతూనే ఉంటుంది. గిన్నెలు తోముతూ పాడుతుంది, బస్సు రాకపోతే పాడుతుంది. నాకేమో ముక్కు మీద కోపం. మా ఇద్దరికీ ఎలా కుదిరిందో ఇప్పటికీ మా ఇంట్లోవాళ్ళకి అర్థం కాదు.

ఇంటావిడకి అరవై దాటి ఉంటాయి. చాలా ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైంది. తెల్లజుట్టుని ఒంటిజడ వేసుకుని ముందుకి వేసుకునేది. ఇక్కడివాళ్ళలా పేరు పెట్టి పిలవడానికి మాకు నోరు రాక ఆంటీ అన్నాం. అంటే ఏమిటని అడిగి తెలుసుకుంది. ఆ మర్నాటి నుంచి మాకు ఫోన్ చేసినా "ఆంటీని మాట్లాడుతున్నా" అనేది.

ఆవిడ పాడేది కంట్రీ పాటలు. వాటి మీద అప్పట్లో నాకు మంచి అభిప్రాయం లేదు. ఒక గిటారు, ఒక ట్రక్కు, వదిలేసి పోయిన మనిషి ఒకరు, అంతేగా అనుకునేదాన్ని. అందులోనూ ఈవిడ పాటలు ఏ రేడియోలోనూ వినబడనివి. ఆవిడే రాసుకుని, ఆవిడే పాడుకునేది. ఆ చలికాలమంతా ఒకే పాట. అందులోనూ ఒకే చోటికి వచ్చి ఆగేది. మళ్ళీ మొదలు. మళ్ళీ అక్కడే ఆగేది.

నా స్టాటిస్టిక్స్ మిడ్‌టర్మ్ ముందురోజు సాయంత్రం ఇంక తట్టుకోలేక మెట్లెక్కి పైకి వెళ్ళాను. వరంగల్ అమ్మాయి వెనక నుంచి "వద్దే, ఇల్లు ఖాళీ చెయ్యమంటదే" అని పిలుస్తూనే ఉంది.

"ఆంటీ, మీరు ఇంకేదైనా లైను పాడతారా, ప్లీజ్?" అన్నాను.

ఆవిడ గిటారు పక్కన పెట్టి, దగ్గొచ్చేదాకా నవ్వింది. కుర్చీ లాగి కూర్చోమంది. టీ పెట్టింది. "కింద ఏం వినిపించింది? ఉన్నదున్నట్టు చెప్పు," అంది.

నాకు కోపం ఇంకా తగ్గలేదు. గడగడా చెప్పేశాను. చుట్టుపక్కల వాళ్ళందరూ పొలాలు అమ్ముకుని వెళ్ళిపోయారు. ఒక ముసలావిడ మాత్రం మిగిలిపోయింది. రాత్రి అయితే వాకిట్లో స్తంభం మీద లైటు వేసి ఉంచుతుంది. ఇంతవరకూ రోజూ వస్తోంది. ఎవరి కోసం వేస్తోందన్నది మాత్రం రావడంలేదు. "అది చెప్పకుండా ఎన్నిసార్లు పాడితే ఏం లాభం?" అన్నాను.

"అది నాకే తెలియదు. అందుకే అక్కడ ఆగిపోతున్నాను," అంది ఆవిడ. ఆ ముసలావిడ వాళ్ళ అమ్మట. ఆ పాట మొదలుపెట్టింది వాళ్ళ అమ్మ పోయిన ఏడాదట. అది జరిగి చాలా ఏళ్ళయింది.

 మేం అసైన్‌మెంట్లు గడువుకి గంట ముందు అల్లి పడేసే బాపతు. ఒక్క వాక్యం కోసం ఒక మనిషి ఏళ్ళ తరబడి కాచుకుని ఉండగలదని నేను ఊహించను కూడా లేదు. ఏదో ఒకటి పెట్టేసి ముగించొచ్చు కదా అన్నాను. "ఏదో ఒకటి పెట్టి చాలాసార్లు ముగించాను. మర్నాడు పొద్దున పాడుకుంటే అది అబద్ధమని తెలిసిపోయేది," అంది.

ఆ టీ తాగుతుండగానే అసలు సంగతి చెప్పింది. గొంతులో థైరాయిడ్ దగ్గర గడ్డ ఉంది. ఆపరేషన్‌కి తేదీ ఇచ్చేశారు. మాట పలికించే నరం ఆ గడ్డని ఆనుకుని ఉందట. మాట్లాడే గొంతు ఎలాగో వస్తుంది గానీ పాడే గొంతు మారిపోవచ్చు, అసలు పోనూ వచ్చు అని డాక్టరు ముందే చెప్పేశారు. ఇప్పటికే కాసేపు పాడితే గొంతు పట్టేస్తోంది. అందుకే ఆపరేషన్ జరిగేలోగా తన పాటలన్నీ ఒక ఆల్బమ్‌గా రికార్డు చేసుకోవాలని ఆవిడ పట్టుదల. కంపెనీ లేదు, ఏమీ లేదు. వడ్రంగి పని చేసే పాత స్నేహితుడొకాయన దగ్గర మైకులు, రికార్డింగు మెషిన్ ఉన్నాయి. ఆయనా, ఈవిడా, అంతే.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదు?" అని అడిగాను. నాకు అడగకూడనివి అడగడం అలవాటే.

పెళ్ళిళ్ళలో, కోతల తరవాత పెట్టే విందుల్లో, ఐసు మీద బరువైన రాళ్ళు జార్చి కర్లింగ్ ఆడే హాళ్ళలో ఆవిడ ఎన్నో ఏళ్ళు పాడింది. కానీ జనం అక్కడ తెలిసిన పాటలే అడుగుతారు. ఆవిడ సొంత పాటలు పాడుకున్నది మాత్రం బస్సులో. పిల్లలందర్నీ ఇళ్ళ దగ్గర దింపేశాక, బస్సుని గ్యారేజీకి తోలుకొచ్చే దారిలో. "నా పాటలు విన్నవి ఖాళీ సీట్లే," అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. నేను కిందకి వచ్చి ఇదంతా చెప్తే వరంగల్ అమ్మాయి చదువుతున్న పుస్తకం మూసేసి చాలాసేపు గొట్టం వైపు చూస్తూ కూర్చుంది. ఆ రోజు నుంచి ఆ ఒక్క లైనూ రోజంతా వినబడినా మేం విసుక్కోలేదు. ఇవాళైనా దొరుకుతుందా అని చెవులు రిక్కించి వినేవాళ్ళం.

అది దొరికిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. ఉదయం బాగా మంచు పడి ఆగింది. ఆవిడ ఇంటి ముందు మంచు పారతో తోస్తోంది. నేను ఆవిడ వంటింటి కిటికీ దగ్గర నిలబడి పాలు కాచుకుంటున్నాను, మా స్టవ్ పాడైందని. ఆవిడ ఉన్నట్టుండి పార గాల్లో ఉండగానే ఆగిపోయింది. ఏమైందోనని కిటికీ అద్దం తుడిచి చూశాను. పార అక్కడే పడేసి తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది, బూట్లు విప్పకుండా. ఆ ఇంట్లో బూట్లతో నేల మీద అడుగు పెడితే ఎంత గోల చేసేదో మాకు తెలుసు. అలాంటిది, చెక్క నేల మీద మంచు ముద్దలు రాల్చుకుంటూ నేరుగా గిటారు దగ్గరికి వెళ్ళింది. చేతి గ్లౌజు ఒకటి విప్పడం కూడా మరిచిపోయి దాంతోనే తీగలు మీటబోయింది.

నన్ను చూసిందో లేదో తెలియదు. పాడింది. లైటు వేసే ఉంచాను, ఇటు ఎవరు పోతారో నాకు తెలియదు, ఈ చీకట్లో పోయేవాళ్ళు ఎవరైనా సరే, ఇక్కడొక మనిషి ఉందని వాళ్ళకి తెలియాలి. అంతే ఆ లైను. తెలుగులో ఇలా చెప్తుంటే మామూలుగానే ఉంది. ఆవిడ ఇంగ్లీషులోనూ మామూలు మాటలే. కానీ ఇన్నేళ్ళుగా తలుపు బయట నిలబడ్డ వాక్యం ఏదో లోపలికి వచ్చి తన కుర్చీలో కూర్చున్నట్టు అనిపించింది.  పాలు పొంగి స్టవ్ మీద పోయాయి. ఇద్దరం పట్టించుకోలేదు.

తరవాత ఆవిడ నేల తుడుస్తూ, "రికార్డింగుకి మీరు రావాలి. మీ వాళ్ళని ఎవరినైనా తీసుకురండి. ఈసారి ఖాళీ సీట్లకి పాడలేను," అంది.

ఆదివారాలు మేం కొందరం తెలుగు పిల్లలం ఒకరింట్లో చేరి ప్రార్థన చేసుకునేవాళ్ళం. గుంటూరు, కాకినాడ, ఒంగోలు వాళ్ళం. వరంగల్ అమ్మాయి చర్చికి వచ్చే మనిషి కాదు గానీ పాటల కోసం, ఆ తరవాత బిర్యానీ కోసం వచ్చేది. వాళ్ళందరికీ చెప్పాం. ఒక వ్యాను నిండా బయల్దేరాం.

రికార్డింగు ఊరికి దూరంగా, కంకర రోడ్డు పక్కన, ప్రార్థనలు ఆగిపోయిన ఒక చిన్న చెక్క చర్చిలో. చెక్క గోడల్లో గిటారు బాగా పలుకుతుందని ఆ చోటు ఎంచుకున్నారట. మార్చి చివర. మంచు కరిగినట్టే ఉంది గానీ గాలి మాత్రం ఎముకలు కొరుకుతోంది. వడ్రంగి అంకుల్ మమ్మల్ని బల్లల మీద కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మొహం చిట్లించాడు.

"అదేం చప్పుడు?" అన్నాడు.

మా జాకెట్లు. మేం ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ నైలాన్ గుడ్డ గరగరమంటోందట. మాకు వినబడదు గానీ ఆయన చెవులకి తుఫానులా ఉందట. అన్నీ విప్పించి వ్యానులో పెట్టించాడు. హీటరు ఫ్యాను చప్పుడని దాన్నీ ఆపేశాడు. స్వెటర్లలో, ఒకరికొకరం అంటుకుని, ఉన్న రెండు దుప్పట్లూ అందరం కప్పుకుని కూర్చున్నాం. "పాట వినుడు గాదే, తపస్సు చేసుడే ఇది," అంది వరంగల్ అమ్మాయి నా చెవిలో. అంకుల్ అదీ విని మా వైపు గుర్రుగా చూశాడు.

పద్ధతి ఆయన ముందే చెప్పాడు. ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి అతికించడం ఉండదు. ఇద్దరూ ఒకే గదిలో కలిసి వాయిస్తారు, పాడతారు, మొదట్నుంచి చివరిదాకా. ఒకరి మైకులో మరొకరి చప్పుడు పడుతుంది. అందుకే ఎవరూ కదలకూడదు, దగ్గకూడదు. బుద్ధిగా తలలూపాం.

అప్పుడు ఆవిడ పాడటం మొదలుపెట్టింది. గొట్టంలోంచి విన్నది గొంతే కాదని ఆ క్షణంలో తెలిసింది. అది పెద్ద గొంతు కాదు. అరిచేది కాదు, అలంకారాలు లేవు. మనతో మాట్లాడుతూ మాట్లాడుతూ పాటలోకి వెళ్ళిపోయే గొంతు. ఎక్కడ మాట ఆగిందో ఎక్కడ పాట మొదలైందో తెలిసేది కాదు. పక్కన అంకుల్ గిటారుని ఒళ్ళో బల్లలా పరుచుకుని, ఇనప కడ్డీని తీగల మీద జార్చి వాయిస్తున్నాడు. ఆ నాదం మన వీణ మీద గమకంలా సాగేది. ఆయన మొరటు చేతుల్లోంచి అది వస్తోందంటే నమ్మబుద్ధి కాలేదు. కంట్రీ పాటల మీద నేనన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి బల్ల మీద ఇంకాస్త ముడుచుకున్నాను.

ఒక పాట బస్సులో నిద్రపోయిన పిల్ల గురించి. ఒకటి కరువొచ్చిన ఏడాది గురించి. ఒకటి నవ్వులపాట, కర్లింగ్‌లో ప్రతిసారీ ఓడిపోయే జట్టు మీద. ప్రతి పాట అయ్యాక ఆ చప్పుడు గోడల్లో ఇంకిపోయేదాకా కదలకుండా ఉండాలి. మధ్యలో ఒకసారి గూడ్సు బండి వచ్చింది. అది వెళ్ళేదాకా అందరం ఎదురుచూశాం, అది ఎంతకీ అవదు. అప్పుడు ఆవిడ గొంతు మీద వేడినీళ్ళ గుడ్డ చుట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చుంది. మాట్లాడలేదు. గొంతుని దాచుకుంటోందని అందరికీ తెలుస్తూనే ఉంది.

లైటు పాట చివరికి పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. గొంతు బాగున్నప్పుడే ముందు అది పాడేస్తే ఏం? విరామంలో వెళ్ళి అడిగేశాను. ఆవిడ గుసగుసగా, "మిగతావన్నీ పాడాకే అది పాడే హక్కు వస్తుంది నాకు," అంది. నేను వెనక్కి వచ్చి దుప్పట్లో దూరాను. అంకుల్ పొద్దున మైకులు సరిచూడటానికి ఆ పాట ఒకసారి గిటారు లేకుండా పాడించి రికార్డు చేసి ఉంచాడట. అదొక ధైర్యం అన్నాడు.

చివరి పాట మొదలైంది. ఒకటి, రెండు, మూడు అని ఊగే నెమ్మది తాళం. మొదటి చరణం, పల్లవి. రెండో చరణం, పల్లవి. ఆవిడ కళ్ళు తెరిచి మమ్మల్నే చూస్తూ పాడుతోంది. నా పక్కన వరంగల్ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది. మూడో చరణం దాటింది. ఆఖరి పల్లవి. లైటు వేసే ఉంచాను, అంది. ఇటు ఎవరు పోతారో, అంది. ఆ తరవాత నోరు తెరిచే ఉంది, చప్పుడు లేదు.

చెయ్యి మాత్రం ఆగలేదు. గిటారు ఒకటి, రెండు, మూడు అని నడుస్తూనే ఉంది. అంకుల్ కడ్డీ జారుతూనే ఉంది. ఆవిడ కళ్ళల్లో భయం చూశాను. ఇంక ఆ గొంతు రాదేమో అన్న భయం.

మా వైపు ఇళ్ళల్లో ప్రార్థన కూడికల్లో ఒకరు పాట ఎత్తుకుంటారు. పాడేవాళ్ళకి ఊపిరి అందకపోయినా, దుఃఖం వచ్చి గొంతు పూడుకుపోయినా, కూర్చున్నవాళ్ళు పల్లవి అందుకుంటారు. ఎవరూ ఎవరికీ చెప్పరు. ఆలోచించి చేసేది కాదు, జారిపోతున్న పళ్ళేన్ని పట్టుకోవడం లాంటిది. అదే జరిగింది. ఎవరు మొదలుపెట్టారన్నది ఇప్పటికీ తేలలేదు గానీ, నేననుకోవడం వరంగల్ అమ్మాయే. మరుక్షణం అందరం పాడుతున్నాం. ఆ చలికాలమంతా గొట్టంలోంచి విని మా ఇద్దరికీ ఆ పాట కంఠతా వచ్చేసింది. మిగతావాళ్ళు అప్పటికి పల్లవి రెండుసార్లు విన్నారు, వాళ్ళకి అది చాలు. కాకినాడ అబ్బాయి కింది స్థాయిలో, గుంటూరు అమ్మాయి పై స్థాయిలో, మా మా ఇంగ్లీషు పలుకుబడుల్లో. పైగా చప్పట్లు! పాటంటే చప్పట్లు కొట్టకుండా మాకు చేతులు ఊరుకోవు. ఇంకో ఘోరం, మా దగ్గర ఆఖరి పల్లవి రెండుసార్లు పాడతాం. రెండుసార్లు పాడాం. ఆవిడ చెయ్యీ, అంకుల్ కడ్డీ గత్యంతరం లేక మాతో రెండోసారి కూడా నడిచాయి.

పాట ఆగింది. గాలి తప్ప చప్పుడు లేదు. అప్పుడు తెలిసింది మేం ఏం చేశామో.

అంకుల్ హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కేకలు వేసినా బాగుండేది. నెమ్మదిగా చెప్పాడు. మేం ఊరుకుని ఉంటే, పొద్దున రికార్డు చేసినదాంట్లోంచి ఆఖరి పల్లవిలో ఆవిడ గొంతు తీసి ఇక్కడి గిటారు మీద అతికించేవాడట, ఈ ఒక్క పాటకి పద్ధతి తప్పి. ఇప్పుడు ప్రతి మైకులోనూ మా గొంతులే. గిటారు మీద కూడా మేమే. ఇంక చెయ్యగలిగింది లేదు.

"ఆవిడ అలా ఆగిపోతే బొమ్మల్లా చూస్తూ కూర్చోమంటారా?" అన్నాను.  కోపమో, ఏడుపో నాకే తెలియదు.

"కూర్చోమన్నాను. పొద్దున చెప్పాను," అన్నాడాయన. అదీ నిజమే.

"ఆమె ఆగిపాయె, మేం అందుకున్నం," అంది వరంగల్ అమ్మాయి తెలుగులోనే, ఆయనకి అర్థమవుతుందో లేదో చూసుకోకుండా. "బతుకమ్మ కాడ గంతే. ఒకరు ఆగితే పాట ఆగుతదా?" ఆమె మొహం కందిపోయింది.

ఆవిడ మళ్ళీ పాడబోయింది. రెండు మాటలు వచ్చాయి. మూడోది రాలేదు. వేడినీళ్ళు తాగింది, ఆగింది, మళ్ళీ ప్రయత్నించింది. లోపల ఎక్కడో చిరిగినట్టు ఒక చప్పుడు వచ్చింది. అంకుల్ లేచి వెళ్ళి ఆవిడ చేతిలోంచి గిటారు తీసుకున్నాడు. మర్నాడు పాడుదామన్నా, ఆ తరవాత పాడుదామన్నా గొంతు తేరుకునేలోగా ఆపరేషన్ వచ్చేస్తుంది. మాలో ఎవరూ ఎవరి మొహం చూడలేకపోయాం. ఆవిడ బతుకంతా రాసుకున్న పాట, ఖాళీ సీట్లకి పాడలేనని మమ్మల్ని తీసుకొచ్చి కూర్చోబెట్టుకున్న పాట.

ఆవిడ మాత్రం చెయ్యి చాపి హెడ్‌ఫోన్స్ అడిగింది. మొదట్నుంచి పెట్టమని సైగ చేసింది. మేం కదలకుండా కూర్చున్నాం, ఈసారి ఎవరూ చెప్పకుండానే. మాకేమీ వినబడదు, ఆవిడ మొహమే చూస్తున్నాం. కళ్ళు మూసుకుని వింది. ఒక చోట కనుబొమ్మలు దగ్గరికి వచ్చాయి, గొంతు ఆగిన చోటు అయ్యుంటుంది. ఆ తరవాత పెదవులు కొద్దిగా కదిలాయి. రెండోసారి పల్లవి అయ్యేదాకా తియ్యలేదు.

తీసి, అంకుల్ వైపు తిరిగింది. "ఈ పాటలో నేనేం రాశాను?" అంది గుసగుసగా.

ఆయనకి అర్థం కాలేదు. "ఇక్కడొక మనిషి ఉందని," అన్నాడు.

"ఉన్నారుగా మరి," అంది ఆవిడ.

ఆయన మా వైపు చూశాడు. ఆ వెలుతురు తగ్గుతున్న చర్చిలో, దుప్పట్లు కప్పుకుని, ముక్కులు ఎర్రబడి, బల్లల మీద వరసగా మేం.  వెళ్ళి మెషిన్ ఆపేశాడు. తరవాత వ్యానులోంచి మా జాకెట్లు తనే మోసుకొచ్చి ఇచ్చాడు.

ఆపరేషన్ అయింది. గడ్డ ప్రమాదమైనది కాదన్నారు. అది విని మేం గెంతులేశాం. కానీ డాక్టరు అన్నట్టే గొంతు మారిపోయింది. మాట వచ్చేది గానీ, అందులో గాలి ఎక్కువ, శబ్దం తక్కువ. వేసవి వచ్చింది, ఫర్నేసు ఆగింది, ఇల్లంతా నిశ్శబ్దం. ఆవిడ తోటలో బంగాళాదుంపలు వేసింది, మా ఉద్యోగాల ఇంటర్వ్యూలకి తన కారులో మమ్మల్ని తిప్పింది. గిటారు మాత్రం పెట్టెలోంచి తియ్యలేదు. పాడి చూశారా ఆంటీ అని ఒకసారి అడిగాను. "లేదు. రాకపోతే తెలిసిపోతుందిగా," అంది. అడిగే అలవాటున్న నేను ఇంక అడగలేదు.

ఆల్బమ్ సెప్టెంబరులో వచ్చింది. కర్లింగ్ హాల్లో ఐసు ఇంకా వేయని సిమెంటు నేల మీద కుర్చీలు వేసి ఒక సాయంత్రం పెట్టారు. ఆవిడ పాడే స్థితిలో లేదు కాబట్టి, స్పీకర్లలో ఆల్బమ్ మొదట్నుంచి చివరిదాకా వినిపిస్తామని అంకుల్ అందరికీ చెప్పాడు. ఆవిడ బస్సెక్కి పెరిగిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. అన్నేళ్ళూ ఆవిడ పాటలు విననివాళ్ళందరూ ఆ రోజు విన్నారు. కర్లింగ్ పాటకి హాలంతా నవ్వింది. కరువు పాటకి ముందు వరసలో ఒక పెద్దాయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

ఆఖరి పాట ముందు ఆవిడ వేదిక పక్కనున్న తన కుర్చీలోంచి లేచి, మా వరసలోకి వచ్చింది. వరంగల్ అమ్మాయి జరిగితే మా ఇద్దరి మధ్య కూర్చుంది. నాకు భయమేసింది. తనకింక లేని గొంతుని ఇంతమంది ముందు ఎలా వింటుంది అనుకున్నాను. ఆ గొంతు నిండుగా వచ్చి హాలంతా పరుచుకుంది. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేల చూస్తూ వింది. మూడో చరణం దాటింది. ఆఖరి పల్లవిలో గొంతు ఆగిపోయింది, గిటారు ఒంటరిగా నడిచింది, తరవాత స్పీకర్లలోంచి మేం వచ్చాం, చప్పట్లతో సహా. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. మా వరస వాళ్ళం అందరం ఎప్పటిలాగే పాడేశాం.

రెండోసారి పల్లవి ఎత్తుకున్నాక నా పక్కన ఏదో చప్పుడు వినిపించింది. చూశాను. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. కదలడమే కాదు. ఊపిరి కన్నా కాస్త గట్టిగా, బొంగురుగా, చెయ్యి పట్టుకుని నడిపిస్తే తప్ప నడవలేనట్టు, కానీ స్వరం ఒక్క పిసరు తప్పకుండా, ఆవిడ మా అందరితో కలిసి పాడుతోంది. అంత హాల్లో అది నాకూ వరంగల్ అమ్మాయికీ తప్ప ఎవరికీ వినబడి ఉండదు. నేను పాడటం ఆపేసి విన్నాను.